గాలిలో సీసం: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

రైల్లో

బెంగుళూరులో రైలు కదిలేటప్పటికి పెట్టె నా ఒళ్ళో ఉంది. పైన బల్ల మీద పెట్టమని నాతో వస్తున్న ఆదెప్ప రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు. ఆరు నెలలు పగలంతా దానితోనే గడిపినదాన్ని, పక్కవాళ్ళ ఊరగాయ జాడీల మధ్య దాన్ని వదలడానికి నాకు మనసొప్పలేదు.

టేకు చెక్కతో చేసిన పెట్టె అది. హార్మోనియం కన్నా కొంచెం చిన్నది. పక్కన ఇత్తడి పిడి, ముందు ఒక గాజు గొట్టం. గొట్టం మూతిలో రూపాయి బిళ్ళంత వడపోత కాగితం పెట్టి పిడి తిప్పితే లోపలి పంపు గాలిని ఆ కాగితం గుండా పీలుస్తుంది. రెండు వందల చుట్లు తిప్పాక కాగితం బయటకు తీసి, దాని మీద మందు నీళ్ళు రెండు చుక్కలు వేయాలి. గాలిలో సీసం లేకపోతే మచ్చ పసుపుగానే ఉంటుంది. ఉంటే ఎర్రబడుతుంది. ఎంత ఎరుపైతే అంత సీసం. పోల్చి చూసుకోవడానికి లేత గులాబీ నుంచి నెత్తుటి రంగు దాకా నాలుగు రంగులు వేసిన అట్ట ఒకటి నా సంచిలో ఉంది.

అంతవరకూ మా ప్రయోగశాలలో సీసం పట్టే యంత్రం బీరువా అంత ఉండేది. గాలినే సీసాల్లో పట్టి దాని దగ్గరకు తేవలసి వచ్చేది. ఈ పెట్టె తానే గాలి దగ్గరకు వెళ్తుంది. దీనికి మందు కుదిర్చింది నేను, పంపు చేసింది మా వర్క్‌షాపు మెకానిక్ ఆదెప్ప. ఆయనకు యాభై ఏళ్ళుంటాయి, ముదిగుబ్బ దగ్గరి పల్లె మనిషి. పెట్టెను బయట ఎక్కడ పరీక్షించాలని మా ప్రయోగశాల పెద్దవారు అడిగినప్పుడు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని ఆయనే వరుసగా చెప్పాడు. ఆ ఊళ్ళే ఎందుకని నేను అడగలేదు. ప్రయాణం దొరికింది, నాకదే చాలు.

ఎదుటి బల్ల మీది పెద్దావిడ ఆకువక్క నములుతూ చాలాసేపు పెట్టెను చూసింది.

"యాడ కచేరి పెడతాండారమ్మా?"

"ఇది వాయించేది కాదండీ. గాలిలో విషముంటే చెబుతుంది."

ఆవిడ కిటికీ వైపు చూసి, ఇంజను పొగను చేత్తో విసురుకుని, "దానికి పెట్టె ఎందుకు, ముక్కు చాలదా?" అంది.

సీసానికి వాసన ఉండదని చెప్పాను. ఆవిడ నమలడం ఆపి, కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

హిందూపురం

మా కృష్ణా తీరం నుంచి వచ్చినవాళ్ళకు హిందూపురంలో మొదట వినిపించేది రెండు భాషలు. జట్కా అతను గుర్రంతో కన్నడంలోనూ మాతో తెలుగులోనూ మాట్లాడాడు. "దుడ్లు ముందే ఇస్తారా, దిగినాంక ఇస్తారా?" అన్నాడు. దుడ్లంటే డబ్బులని ఆదెప్ప చెప్పాడు. దిగాక ఇస్తామన్నాను.

బజారంతా బెల్లం వాసన. హోటల్లో ఉగ్గాని తిన్నాం. మరమరాలను ఇక్కడ బొరుగులంటారు. వాటిని తడిపి, పిండి, తాలింపు వేసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ముప్పై నయా పైసలు. మా ఇంట్లో మరమరాలు చంటిపిల్లలకూ జ్వరం పడి లేచినవాళ్ళకూ పెట్టే తిండి. ఆ ఉగ్గాని తిన్నాక ఇంకో పొట్లం కట్టించుకున్నాను.

మేం చూడవలసింది ఒక అచ్చాఫీసు. అరిగిపోయిన సీసపు అక్షరాలను అక్కడ కరిగించి దిమ్మలు పోస్తారు. యజమాని నాగభూషణం గారు మా పెట్టెను చూడగానే లేచి నిలబడ్డారు.

"లైసెన్సు కాగితాలన్నీ సరిగ్గానే ఉండాయి, చూసుకోండి."

"మేం ఆ పని మీద రాలేదండీ. గాలి చూసి పోతాం."

"గాలికి కూడా పన్ను వేస్తాండారా?"

ఆయన్ను కూర్చోబెట్టడానికి ఆదెప్పకు పావుగంట పట్టింది. తర్వాత కుంపటి రాజేసి, ఇనప మూకుడులో పాత అక్షరాలు పోశారు. నేను పిడి తిప్పుతూ లెక్కపెట్టసాగాను. నూట అరవై దగ్గర నాగభూషణం గారు, "మీ ఊళ్ళో అమ్మాయిలందరూ ఇట్ల చదువుకుంటాండారా?" అని అడిగారు. లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

కాగితం మీద చుక్కలు వేశాను. పసుపు మచ్చ అంచున ఉందో లేదో అన్నట్టు గులాబీ జీర వచ్చింది. అట్టలో మొదటి రంగు కన్నా తక్కువే. అక్కడి పెద్ద కిటికీలు పొగను నిలవనివ్వడం లేదు. నాగభూషణం గారు పరీక్షలో గట్టెక్కిన పిల్లవాడిలా నవ్వి, మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి ఓళిగలు పెట్టించారు. ఓళిగలంటే మన బొబ్బట్లే. ఇక్కడ వాటిని పల్చగా, చాటంత చేస్తారు.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశ కలిగింది. పెట్టె పనిచేసింది కానీ, నాకు ఇంకా ఎరుపు కావాలి.

పెనుకొండ

పెనుకొండకు బస్సులో బయలుదేరాం. దారిలో గొర్రెల మందను తప్పించబోయి డ్రైవరు బ్రేకు వేశాడు. పెట్టె ఒళ్ళో పదిలంగానే ఉంది. కాళ్ళ దగ్గరి సంచిలో స్వేదనజలం సీసా భళ్ళుమంది.

ఆ నీళ్ళు లేకపోతే నా మందు లేదు. పొడిని ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, రెండు గంటలు దాటితే పాడవుతుంది. బావినీళ్ళు పనికిరావు, అందులోని ఉప్పులు రంగును చెడగొడతాయి. వాన నీళ్ళు పనికొస్తాయని ఆదెప్పతో అంటే ఆయన ఆకాశం వైపు చూశాడు. "ఈ సీమలో వాన కోసం కూచుంటే నీకు నా వయసు వస్తాదమ్మా."

పెనుకొండలో బస్సు దిగేసరికి ఎదురుగా కొండ, కొండ మీద కూలిన కోటగోడలు. దర్గాకు వచ్చిన జనంతో వీధి నిండుగా ఉంది. మాకు అవేవీ పట్టలేదు. టీ హోటల్లో కూలబడ్డాం. హోటలు మస్తాన్ సాహెబుది. పొయ్యి మీద పెద్ద రాగి పాత్రలో నీళ్ళు తెర్లుతున్నాయి. ఆయన టీ పోస్తూ నా ముఖం చూసి, "ఏమమ్మా, ఎవురన్నా పోయినారా?" అన్నాడు.

"నీళ్ళు పోయినాయి," అన్నాడు ఆదెప్ప.

సంగతి విని మస్తాన్ సాహెబు రాగి పాత్ర మూత ఎత్తాడు. ఆ ఆలోచన ఆయనకెలా తట్టిందో నాకిప్పటికీ తెలియదు. బడిలో చదువుకున్నవాణ్ణి కాదని ఆయనే చెప్పాడు. "నీళ్ళలో ఉప్పు ఉంటాది, ఆవిరిలో యాడ ఉంటాది? ఈ మూత ఎత్తినప్పుడల్లా కారేది తీపి నీళ్ళే."

నేను లేచి నిలబడ్డాను. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని నేను, చెప్పింది ఆయన. నా సంచిలోని గాజు పళ్ళెం తీసి ఆవిరికి అడ్డంగా వాల్చి పట్టుకున్నాను. పైన తడిగుడ్డ వేసి మస్తాన్ సాహెబు చన్నీళ్ళు చిలకరిస్తూ పోయాడు. పళ్ళెం అడుగు నుంచి చుక్కా చుక్కా గ్లాసులోకి జారింది. టీ తాగడానికి వచ్చినవాళ్ళు టీ మాని మా చుట్టూ మూగారు. ఒకాయన "మందుకు అర్కు దించుతాండారు" అని మిగతావాళ్ళకు వివరించాడు. గంటన్నరకు గ్లాసు నిండింది. పొడి కలిపి కాగితం మీద చుక్క వేసి చూశాను. శుభ్రమైన పసుపు. నీళ్ళు మంచివే. మిగిలినవి సంచిలో పగలని చిన్న సీసాలో పోసుకున్నాను. మస్తాన్ సాహెబు ఆ నీళ్ళకు డబ్బు తీసుకోలేదు, టీకి మాత్రం పది నయా పైసలు తీసుకున్నాడు.

లారీలు ఆగే చోట చచ్చిన బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించే ఒకతని దగ్గర ఆ సాయంత్రం పరీక్ష చేశాం. చెట్టు కింద, గాలి వీచే చోట అతని పని. మచ్చ అట్టలోని మొదటి రంగు దాకా వచ్చింది. నేను సంతోషంగా రాసుకుంటుంటే ఆదెప్ప పెట్టె తుడుస్తూ అడిగాడు.

"సీసం వల్ల చేతులు పడిపోతాయా అమ్మా?"

"పడిపోతాయి. మణికట్టు దగ్గర వేలాడతాయి. ముందు కడుపునొప్పి, చిగుళ్ళ మీద నల్లని గీత, తర్వాత చేతులు." పరీక్షలో జవాబులా గడగడా చెప్పేశాను.

ఆయన తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ధర్మవరం

ధర్మవరంలో రైలు దిగాక ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడే. ఇంటింటా నేలలో గుంత, గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషి, అతని ఎదుట పట్టు, జరీ. మా వైపు నేతగాళ్ళు ఎక్కువగా నూలు నేస్తారు. ఇక్కడ ఒక పెళ్ళిచీర అంచు నేస్తుంటే చూశాను. అరగంటలో బెత్తెడు కూడా సాగలేదు.

ఆదెప్ప ఎవరినీ దారి అడగకుండానే నన్ను ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తీసిన ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇప్పటికి వచ్చినావా అబ్బయ్యా," అంది. అప్పుడు తెలిసింది, ఆవిడ ఆయన అక్క ఓబుళమ్మ అని. లోపల అరుగు మీద కూర్చున్నది బావ నరసప్ప. ఆయన లేచి నాకు దండం పెట్టబోయాడు. రెండు చేతులూ మణికట్టు దగ్గర నుంచి తడిసిన గుడ్డల్లా వేలాడాయి.

నిన్న నేను గడగడా చెప్పిన జవాబు గుర్తుకొచ్చింది. ఈ ఊళ్ళే ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆదెప్ప నా వైపు చూడలేదు.

నరసప్ప పాత జరీ చీరలు కొని, కాల్చి, అందులోని వెండి తీస్తాడు. తీసిన వెండిని శుద్ధి చేయడానికి సీసం వేసి మట్టి గిన్నెలాంటి మూసలో కాస్తాడు. వెండి మిగులుతుంది, సీసం కొంత బూడిదలోకీ కొంత పొగలోకీ పోతుంది. కొలిమి ఇంటి పెరట్లోనే. ఇప్పుడు చేతులు పనిచేయక కూలిమనిషిని పెట్టుకుని, తాను పక్కనే కూర్చుని చేయిస్తున్నాడు.

"వాతం అన్నారు," అంది ఓబుళమ్మ. "ఏడాదిగా నూనెలు పూస్తాండా."

భోజనంలో రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేరుశనగ పచ్చడి, చేత్తో నూరింది. సంగటిని నమలకూడదని, ముద్దను ఊరిబిండిలో అద్ది మింగాలని నాకు నేర్పింది. నరసప్పకు వేళ్ళు చాచడం కుదరదు. ఓబుళమ్మ ముద్దలు చేసి వరసగా పెడితే వాటిని పిడికిలితో ఒత్తి ఎత్తుకుని తిన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడకుండా మాట్లాడుతూ ఉన్నారు. నేనూ అలాగే చేశాను.

కొలిమి రాజేశాక పెరట్లో పెట్టె దించాను. రెండు వందల చుట్లు. రెండు చుక్కలు. మచ్చ నా కళ్ళెదుటే ఎర్రబడింది. అట్టలో మూడో రంగు దాటి నాలుగో రంగు దగ్గరకు వెళ్ళింది. ఆరు నెలల పని అది. నేను చప్పట్లు కొట్టాను.

"ఎర్రగా వస్తే మంచిదా అమ్మా?" అని అడిగింది ఓబుళమ్మ. ఆవిడ కూడా నా సంతోషం చూసి నవ్వుతోంది.

నా చేతులు కిందికి దిగిపోయాయి. "మంచిది కాదక్కా. అది సీసం," అన్నాను.

నరసప్ప తల అడ్డంగా ఊపాడు. "కొలిమి కాడ పొగ ఉండక ఏముంటాది? మా నాయన చేసినాడు, నేను ముప్పై ఏండ్లుగా చేస్తాండా. మీ పెట్టె వచ్చినాంకనే గాలి చెడిపాయెనా?"

"నీ చేతులు చూసుకో బావా," అన్నాడు ఆదెప్ప.

"నా చేతులు పోయినాయి. పోనీ. ఇంటిల్లిపాదీ తినేది ఈ కొలిమి మీదనే కదప్పా."

ఆదెప్ప పెట్టె ఎత్తుకుని, "లోపల చూద్దాం రామ్మా," అన్నాడు.

ఇల్లంతా తిరిగాం. వీధి అరుగు మీద పసుపు. నడవలో లేత జీర. వంటింట్లో మొదటి రంగు. ఒక్కో గదికీ ఒక్కో కాగితం. గాలి ఆ ఇంట్లో ఎటు నడుస్తోందో కంటితో చూస్తున్నట్టే ఉంది, పిడి తిప్పే నా చెయ్యి నొప్పి కూడా తెలియలేదు. బీరువా అంత యంత్రంతో ఈ పని ఎవరూ చేయలేరు. నరసప్ప మా వెనకే నడుస్తూ ఒక్కో కాగితాన్నీ చూస్తున్నాడు.

చివరి గది తలుపు దగ్గర ఓబుళమ్మ, "అది పురిటి గది, ఆడ ఏముంటాది," అంది. కూతురు కాన్పుకు వచ్చింది. ఇరవై రోజుల బిడ్డ చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. బాలింతకు చలిగాలి తగలకూడదని వీధి వైపు కిటికీ మూసేశారు. పెరటి కిటికీ మాత్రం వెచ్చగా ఉంటుందని తెరిచి ఉంచారు. దాని అవతల పది అడుగుల్లో కొలిమి.

ఉయ్యాల పక్కన పెట్టె పెట్టి తిప్పాను. పిడి కిర్రుమంటుంటే బిడ్డ ఒకసారి కదిలి మళ్ళీ పడుకుంది. కాగితం తీసి చుక్కలు వేశాను.

కొలిమి దగ్గరి కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియలేదు.

ఈసారి మచ్చ చూసి నాకు ఏ సంతోషమూ కలగలేదు. దాన్ని నరసప్ప ముందుకు చాచాను. ఆయన కాగితాన్నీ ఉయ్యాలనూ చూశాడు. తర్వాత పెరట్లోకి నడిచాడు. తొట్టి పక్కన నిండు బిందె ఉంది. వేళ్ళతో పట్టలేక, వంగి, రెండు మోచేతుల మధ్య దాన్ని ఇరికించుకుని లేచాడు. ఆదెప్ప ముందుకు వెళ్ళబోతే ఓబుళమ్మ ఆపింది. నరసప్ప కూలిమనిషిని పక్కకు తొలగమని, బిందెడు నీళ్ళూ కొలిమి మీద కుమ్మరించాడు. ఆవిరి లేచింది. మూస పగిలిన చప్పుడు వినబడింది. అందులో నెల రోజులుగా కూడబెట్టిన వెండి ఉందని తర్వాత తెలిసింది.

"బిడ్డను తీసుకొని వీధి పక్క గదిలోకి పొండి," అన్నాడు కూతురితో.

మరునాడు

పొద్దున్నే ఇల్లు కడగడం మొదలుపెట్టారు. సీసం పొగ దుమ్ములా దిగి గోడల మీద, దూలాల మీద కూర్చుంటుందని, పొడి చీపురు వాడితే మళ్ళీ లేస్తుందని చెప్పాను. పక్కింటి నేతగాళ్ళు కూడా బావినీళ్ళు తోడి మోశారు. నేను నా చీర కుచ్చెళ్ళు దోపుకుని పురిటి గది గోడలు తుడిచాను. ఇటువైపు ఆడవాళ్ళు పని చేస్తూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునే తీరు మా ఊళ్ళో వినలేదు. "చదువుకున్న అమ్మ గోడ తుడిస్తే సున్నం కూడా పాఠం చెప్తాది," అంది ఒకావిడ.

మధ్యాహ్నం ఖాళీ ఉయ్యాల పక్కన మళ్ళీ పిడి తిప్పాను. మస్తాన్ సాహెబు నీళ్ళు అడుగున కొంచెమే మిగిలాయి. పొడి కలిపి చుక్కలు వేశాను. గది నిండా జనం. పసుపు. అందరూ ఇంకా ఎర్రబడుతుందేమోనని ఎదురుచూశారు. పసుపుగానే ఉంది.

ఓబుళమ్మ వెళ్ళి బిడ్డను తెచ్చి ఉయ్యాలలో వేసింది.

ఊరి బయట మెట్టచేలో కొలిమి పెట్టుకుంటానని నరసప్ప అన్నాడు. గాలి వాలు ఎటో చూసి, ఎత్తైన పొగగొట్టం ఎలా కట్టాలో ఆదెప్ప నేల మీద పుల్లతో గీసి చూపించాడు. కొలిమి ఎక్కడ పెట్టినా నరసప్ప మాత్రం దాని దగ్గరకు పోకూడదని, ముందు బెంగుళూరు ఆసుపత్రికి రావాలని నేను పట్టుబట్టాను. "చేతులు వస్తాయా?" అని అడిగాడు. "వస్తాయనే పుస్తకాల్లో రాశారు. నేను చూడలేదు," అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టుంది. సాయంత్రం రైలుకు మాతో బయలుదేరాడు. దారి పొడవునా ఆదెప్ప బావకు బజ్జీలు తుంచి నోట్లో పెడుతూ, వర్క్‌షాపు కబుర్లు చెబుతూ వచ్చాడు. ఆయన అంత మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

తిరిగి వచ్చాక

ఆసుపత్రి డాక్టరు నరసప్ప చిగుళ్ళ మీది నల్లని గీత చూపించి, సీసమేనన్నాడు. కొన్ని వారాలు ఉంచుకుని పంపించాడు. మా పెద్దవారికి నేను నివేదిక రాసిచ్చాను. అందులో పెట్టె బరువు, చుట్ల లెక్క, రంగుల పట్టిక ఉన్నాయి.

అయిదు నెలల తర్వాత ప్రయోగశాలకు నా పేర ఒక కార్డు వచ్చింది. అక్షరాలు చీమల బారు చెదిరినట్టున్నాయి. ఒక వరుస పైకి, ఒక వరుస కిందికి పోయింది.

"అమ్మకు నరసప్ప దండాలు. ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తాండా. పొద్దున మొదలుపెడితే ఇప్పటికి ఇంత అయినాది. పాప బోర్లపడి నవ్వుతాండాది. చేలో కొలిమి బాగుండాది, నేను దూరం నుంచే చూస్తాండా. మా వీధిలో ఇంకా మూడు కొలుములుండాయి. వాళ్ళు నా మాట వినరు, కాగితం చూస్తే వింటారు. పెట్టె తీసుకొని రాండి."

కార్డు ఆదెప్పకు ఇచ్చాను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, బీరువా తలుపు తీసి, పెట్టెను బల్ల మీదికి దించి, పిడికి నూనె వేయసాగాడు.